దారిలో 12 మైళ్ల మేరీల్యాండ్

టెక్సస్‌లోని డల్లాస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి కారులోనే వెళ్దామనుకున్నాం. బావమరిది గృహప్రవేశం. ఇత్తడి సామాను, పట్టుచీరలు, ఇద్దరు పిల్లలు, అన్నీ చూసుకుంటే విమానం కన్నా కారే నయమనిపించింది. రాత్రి ఎక్కడ ఆగాలో రాసుకుంటుంటే మా ఆవిడ అడిగింది, "మరి గన్ సంగతేంటి?" అని. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు తేలడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఆ గన్ నా దగ్గరికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. నాకు చిన్న గ్యాస్ స్టేషన్ ఉంది. ఒక రాత్రి పదకొండు దాటాక ఇద్దరు మాస్కులతో వచ్చారు. కౌంటర్లో ఉన్న మా కుర్రాడి తలకి పిస్టల్ పెట్టి డబ్బంతా పట్టుకుపోయారు. అతనికి దెబ్బేమీ తగల్లేదు. కానీ మర్నాడు సిగరెట్ ప్యాకెట్ అందిస్తుంటే అతని చెయ్యి వణకడం చూశాను. అప్పటికి నాకు గ్రీన్ కార్డు వచ్చి ఆర్నెల్లు. అంతకుముందైతే తుపాకి ముట్టుకునే వీలే లేదు. హెచ్‌1బి, స్టూడెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి చేతబట్టడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. షూటింగ్ రేంజ్‌లో అద్దె గన్‌తో ఫోటోలు దిగే మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. కనిపించిన వాళ్లకల్లా చెబుతూనే ఉంటాను.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండి, అనర్హతలేవీ లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే చేతితుపాకి వెంట ఉంచుకోవచ్చు. అయినా నేను లైసెన్స్ తీసుకున్నాను. భయంతో తుపాకి కొన్నవాడికి దాన్ని ఎప్పుడు తీయకూడదో ఎవరో ఒకరు చెప్పాలి. క్లాసులో ఎక్కువసేపు నడిచింది అదే. గొడవ ఎలా చల్లార్చాలి, పోలీసు ఆపితే చేతులు ఎక్కడ ఉంచాలి, ఇంట్లో పిల్లలకి అందకుండా ఎలా దాచాలి. తర్వాత రేంజ్. మొత్తం 50 బుల్లెట్లు. 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. 250 పాయింట్లకి 175 వస్తే పాస్. మ్యాగజైన్‌లోకి బుల్లెట్లు నొక్కీ నొక్కీ బొటనవేలు గోరు కింద మంట మొదలైంది. 15 గజాల దగ్గర మొదటిది ఎటు పోయిందో తెలియదు. వెనకున్న పెద్దాయన నెమ్మదిగా, "ఊపిరి వదిలెయ్, అప్పుడు నొక్కు" అన్నాడు. 228 వచ్చాయి.

వేలిముద్రల దగ్గర మాత్రం పని ఆగిపోయింది. ఏళ్ల తరబడి ఫ్రీజర్ పెట్టెలు మోసి, ఫ్లోర్ కడిగే మందులతో గీతలు అరిగిపోయాయట. రెండుసార్లు తిప్పి పంపారు. వారం రోజులు రాత్రిపూట కొబ్బరినూనె రాసుకుని పడుకుని మూడోసారి వెళ్తే ముద్రలు పడ్డాయి. ఫీజు 40 డాలర్లు. కార్డు పోస్టులో వచ్చింది.

ఇప్పుడు ఆ కార్డు ఎంతవరకు పనికొస్తుందన్నదే ప్రశ్న. ఆర్కెన్సా, టెన్నెసీ, వర్జీనియాల్లో చెల్లుతుంది. ఐ-81 హైవే మీద వెస్ట్ వర్జీనియా దాటాక మేరీల్యాండ్ తగులుతుంది, సుమారు 12 మైళ్లు. పాట రెండుసార్లు వినేలోపు అయిపోయే దూరం. అక్కడ నా కార్డు చెల్లదు. న్యూజెర్సీ అయితే వేరే ఏ రాష్ట్రం లైసెన్స్‌నీ ఒప్పుకోదు. 1986 నాటి ఫెడరల్ చట్టం ఒకటుంది. బయల్దేరే చోటా, చేరే చోటా తుపాకి వెంట ఉంచుకునే హక్కుంటే, బుల్లెట్లు తీసేసి, తాళం వేసి, డిక్కీలో పెట్టుకుని మధ్య రాష్ట్రాలు దాటొచ్చు. నేను చేరే చోటే నాకు ఆ హక్కు లేదు.

లాయరుకి ఫోన్ చేశాను. న్యూజెర్సీలో పర్మిట్ లేకుండా చేతితుపాకితో దొరికితే అయిదు నుంచి పదేళ్ల శిక్ష పడే నేరమన్నారు. తుపాకి కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లని దేశం నుంచి పంపించెయ్యొచ్చని కూడా చెప్పారు. 2013లో ఫిలడెల్ఫియా తల్లి ఒకామె పెన్సిల్వేనియా లైసెన్స్‌తో న్యూజెర్సీలోకి వెళ్లింది. పోలీసు కారు ఆపితే తన దగ్గర గన్ ఉందని తనే చెప్పింది. అరెస్టు చేశారు. చివరికి 2015లో గవర్నర్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టారు. అది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. అన్నేళ్లు ఎదురుచూసిన గ్రీన్ కార్డు అది. గన్ ఇంట్లో సేఫ్‌లో పెట్టి తాళం వేశాను.

వర్జీనియాలోని రోనోక్ దగ్గర ఆగినప్పుడు మా చిన్నది సీటు కింద చెయ్యి పెట్టి, "నాన్నా, ఇదేంటి?" అంది. చిన్న ఇత్తడి బుల్లెట్, కొసన గుంట. రేంజ్ నుంచి వచ్చిన రోజు సంచీలోంచి జారిపడి ఉంటుంది. అలాంటి హాలో పాయింట్ బుల్లెట్ల మీద న్యూజెర్సీలో గట్టి ఆంక్షలున్నాయి. నాకు చెమటలు పట్టాయి. దగ్గర్లో గన్ షాపు వెతుక్కుని వెళ్లి కౌంటర్ మీద పెట్టాను. ఎక్కడికి వెళ్తున్నావని షాపతను అడిగాడు. చెప్పాను. మాట్లాడకుండా తీసి డబ్బాలో వేసుకున్నాడు. బయటికొచ్చి సీట్లన్నీ ఎత్తి వెతికాను.

భోజనాలయ్యాక బావమరిదికి ఇదంతా చెప్పి, హెచ్.ఆర్. 38 గనక పాసయితే ఈ తిప్పలుండవన్నాను. ఒక రాష్ట్రంలో గన్ దాచి పట్టుకు తిరిగే హక్కున్నవాళ్లని మిగతా రాష్ట్రాలూ ఒప్పుకోవాలనే బిల్లు అది. 2017 డిసెంబరులో ఇలాంటిదే ప్రతినిధుల సభలో 231-198 ఓట్లతో గెలిచి సెనేట్ దాటలేకపోయింది. 2025 జనవరిలో నార్త్ కరోలినా సభ్యుడు రిచర్డ్ హడ్సన్ మళ్లీ ప్రవేశపెట్టారు. బావమరిది అంతా విని అడిగాడు, "బావా, నువ్వు 50 బుల్లెట్లు కాల్చి పాసయ్యావు, సరే. ఏ పరీక్షా లేకుండా జేబులో పెట్టుకు తిరిగేవాడి సంగతేంటి? వాడూ మా వీధిలోకి అలాగే వస్తాడుగా?"

ఆ రాత్రి ఫోన్లో బిల్లు తీసి చదివాను. అతను చెప్పింది నిజమే. సొంత రాష్ట్రంలో లైసెన్స్ అక్కర్లేనివాళ్లకి కూడా, ఫోటో గుర్తింపు కార్డు ఉంటే చాలు, అదే హక్కు.

నాకు ఇక్కడ ఓటు లేదు. అయినా ఇంటికొచ్చాక మా ప్రాంత ప్రతినిధికి ఉత్తరం రాశాను. బిల్లు కావాలనే రాశాను, ఆ 12 మైళ్ల సంగతి కూడా రాశాను. కింద ఒక్క మాట చేర్చాను: లైసెన్స్ ఉన్నవాళ్లకి, రేంజ్‌లో పాసయినవాళ్లకి మాత్రమే ఇవ్వండి.