ప్రార్థన విన్నపం

"మీ అమ్మగారు పోయి రెండు నెలలైందట కదా? మా అమ్మాయి కోసం ప్రార్థన చేసి వెళ్లారే, దానికి ముందు రోజేనట."

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన నన్ను గుమ్మం దగ్గర ఆపి అన్న మాట. నిజమే. మిషనరీగా వచ్చిన ఈ పరాయి భాషా ప్రాంతంలోనే ఉండిపోయి, అమ్మ భూస్థాపన ఫోన్లో చూశాను. మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. ఎలా ఉన్నారని అడిగితే దేవుని కృపవల్ల బాగున్నానన్నాను.

ఆయన అక్కడితో ఆగలేదు. "పదకొండేళ్లుగా మా అప్పులు, మా రోగాలు, మావాడి తాగుడు, అన్నీ మీకు తెలుసు. మీ బాధ ఒక్కటీ మాకు తెలియదు. మా ప్రార్థన మీకు పనికిరాదా?"

కోపమొచ్చింది. ఆ రాత్రంతా మనసులో ఆయనకు జవాబులు చెప్పుకుంటూనే ఉన్నాను. సేవకుడే తన గోడు వెళ్లబోసుకుంటే విశ్వాసులకు ధైర్యం ఎవరు చెబుతారు? సేవకు సమర్పించుకున్న రోజునుంచి మనకు చెప్పిన కథలన్నీ ఇలాంటివే కదా. ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్లో దిగాడు. మరుసటి ఏడే అయిదేళ్ల కొడుకు పోయాడు, భార్యకు మతి చలించింది. మొదటి బాప్తిస్మం ఇవ్వడానికి 1800 డిసెంబరు దాకా ఆగాల్సొచ్చింది. 1834లో చనిపోయేదాకా ఒక్కసారైనా ఇంటిముఖం చూడలేదు. పిలుపు అంటే అదీ అనుకుంటూ వచ్చాను. పళ్లు బిగబట్టి నిలబడటం.

తెల్లవారుజామున ఇంకో సంగతి తట్టింది, సిగ్గేసింది. మూడు నెలలకోసారి పంపే ప్రార్థన ఉత్తరంలో అమ్మ గురించి ఒక పేరా రాశాను. సముద్రాల అవతల నా ఖర్చులు భరించేవాళ్లంతా చదివారు. అలా చదివిన అతిథి ఒకాయన ఇక్కడికొచ్చి మాటల్లో చెబితేనే పెద్దాయనకు తెలిసింది. డబ్బు పంపేవాళ్లకు నా దుఃఖం చెప్పాను. పక్క వీధివాళ్లకు దాచాను. ఒకరి భారం ఒకరు మోయాలని ఈ జనానికే ఎన్ని ప్రసంగాలు చేశానో!

దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు గుర్తొచ్చారు. ఆయనా నాలాంటివాడే. తిరునల్వేలి ప్రాంతం నుంచి దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1945లో అక్కడే కన్నుమూశారు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముఖంమీదే చెప్పారు: మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని. ఆ మాట విన్నప్పుడల్లా భలే అడిగాడు మనవాడు అని మురిసిపోయేవాణ్ణి. ఆ సభలో నా కుర్చీ ఏ వరుసలో ఉందో ఎన్నడూ ఆలోచించలేదు. చర్మం రంగు నన్ను కాపాడుతుందనుకున్నానేమో.

అయినా పెద్దాయన గుమ్మం దగ్గర, అందరూ వింటుండగా అడగకుండా ఉండాల్సింది. ఇప్పటికీ అదే అంటాను.

బుధవారం వెళ్లాను, బైబిలు సంచి లేకుండా. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాళ్లావిడ నాకెప్పుడూ వేసే ఎత్తు కుర్చీ తెచ్చింది. వద్దని బల్లమీద పెద్దాయన పక్కనే కూర్చున్నాను. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. కాసేపటికి ఆయన అమ్మ పేరు అడిగాడు. చెప్పాను. కళ్లు మూసుకుని తన భాషలో ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ పేరును రెండుసార్లు తప్పు పలికాడు. నేను దిద్దలేదు.