బూట్‌క్యాంప్ ఎక్కడిదాకా తీసుకెళ్తుంది?

సాఫ్ట్‌వేర్ రంగంలోకి రావాలనుకునే చిన్నవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ బూట్‌క్యాంప్‌లో చేరమంటారు?" బూట్‌క్యాంప్ అంటే తక్కువ కాలంలో ముగిసే శిక్షణ కోర్సు. ఏదో ఒక పేరు చెప్పి పంపించడం తేలికే గాని, దానికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉందని నా అభిప్రాయం. క్లాసులో చెప్పినదాన్ని, ఎవరూ అడగకపోయినా, ఇంటికి వెళ్లాక అటూ ఇటూ మార్చి చూసే అలవాటు మనకు ఉందా? అది లేనివారికి ఎంత ఖరీదైన శిక్షణ అయినా మొదటి ఉద్యోగం వరకే అక్కరకు వస్తుంది. ఉన్నవారికి ఓ మోస్తరు శిక్షణ కూడా చాలాకాలం పనికొస్తుంది.

కొన్ని నెలల్లో పని నేర్పి ఉద్యోగానికి పంపే పద్ధతి హైదరాబాదుకు కొత్తేమీ కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమై, మాదాపూర్ చుట్టుపక్కల కంపెనీలు పెరుగుతున్నకొద్దీ, అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న భవనాలు అంతస్తుల వారీగా కోచింగ్ సెంటర్లతో నిండిపోయాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో డెవ్ బూట్‌క్యాంప్ మొదలైన 2012 నాటికే ఇక్కడ ఉచిత డెమో క్లాసు విని, నచ్చితే ఫీజు కట్టి, ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో మంచం అద్దెకు తీసుకుని చదువుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ అమెరికా సంస్థ 2017లో తన మూసివేతను ప్రకటించింది. అమీర్‌పేట మాత్రం జావా బోర్డు పక్కన పైథాన్ బోర్డు, దాని పక్కన డెవాప్స్ బోర్డు తగిలించుకుంటూ నడుస్తూనే ఉంది. అక్కడే నకిలీ అనుభవ పత్రాల వ్యాపారం కూడా నడిచిందని నగరంలో అందరికీ తెలుసు. దాని జోలికి వెళ్లవద్దని తప్ప ఇంకేమీ చెప్పను.

నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, మాన్యువల్ టెస్టింగ్‌లో (సాఫ్ట్‌వేర్‌ను స్వయంగా వాడి చూసి తప్పులు పట్టే పనిలో) ఉద్యోగం చేస్తూ, వారాంతపు బ్యాచ్‌లో బ్యాకెండ్ (యాప్ వెనక సర్వర్‌లో నడిచే కోడ్) నేర్చుకున్నవాడిని. ఆ శిక్షణ నాకిచ్చిన వాటిలో అన్నిటికంటే విలువైనది సిలబస్ కాదు, క్రమం. ఏది ముందు, ఏది తరువాత అని ఒకరు నిర్ణయించి చెప్పడం, వారం వారం పని చూపించవలసి రావడం, పక్క కుర్చీలో మనలాగే తంటాలు పడే మనిషి ఉండడం ఒంటరిగా యూట్యూబ్ చూసి నేర్చుకునేవారికి దొరకవు. అయితే బ్యాచ్ ముగిసేసరికి అందరి రెజ్యూమేల్లోనూ అదే ఫుడ్ డెలివరీ యాప్, అదే లాగిన్ పేజీ, అవే ఫోల్డర్ల పేర్లు ఉంటాయి. ఇంటర్వ్యూ చేసేవారికి ఆ ప్రాజెక్టు అప్పటికే కంఠతా వచ్చి ఉంటుంది.

డేటాబేస్ పాఠం చెప్పిన సారు, క్వెరీ (డేటాబేస్‌ను మనం అడిగే ప్రశ్న) నెమ్మదిగా ఉంటే ఇండెక్స్ (పుస్తకం చివరి విషయసూచికలా, కావలసిన వరుసలు ఎక్కడున్నాయో చూపే జాబితా) పెట్టమన్నారు. ఆ మాటలో తప్పు లేదు. కానీ అది ఎప్పుడు నిజమో చూడాలనిపించి, లాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వేసుకుని, జనరేట్ సీరీస్ అనే ఫంక్షన్‌తో పది లక్షల ఉత్తుత్తి ఆర్డర్లు సృష్టించి, వాటి తేదీలను ఐదేళ్ల కాలంలో ఎలా పడితే అలా చెల్లాచెదురు చేశాను. ఆర్డర్ తేదీ మీద ఇండెక్స్ పెట్టి, ప్రతి క్వెరీకీ ముందు ఏం జరుగుతుందని నేను అనుకుంటున్నానో నోట్‌బుక్‌లో రాసుకుని, ఆ తరువాతే, క్వెరీని డేటాబేస్ ఏ దారిలో నడిపిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అనే ఆదేశం నడిపేవాడిని. ఒక్క రోజు ఆర్డర్లు అడిగితే అనుకున్నట్టే ఇండెక్స్ వాడింది. అదే 2023 మార్చి ఆర్డర్లను, తేదీలోంచి సంవత్సరాన్నీ నెలనూ విడదీసి పోల్చే పద్ధతిలో అడిగితే, ఇండెక్స్‌ను పక్కనబెట్టి టేబుల్ మొత్తం చదివింది. ఇండెక్స్‌లో ఉన్నది తేదీ. మనం అడిగింది తేదీ మీద లెక్క కట్టగా వచ్చే అంకె. మార్చి 1 నుంచి, ఏప్రిల్ 1కి ముందు వరకు అని రాయగానే మళ్లీ ఇండెక్స్ వాడింది.

అక్కడితో ఆగి ఉంటే సగమే తెలిసేది. వ్యవధిని నాలుగేళ్లకు పెంచి చూస్తే, క్వెరీ సరిగానే ఉన్నా, మళ్లీ టేబుల్ అంతా చదివింది. పోస్ట్‌గ్రెస్ తన ఖర్చు లెక్కల్లో వరుసగా చదివే పేజీకి (డిస్క్ మీద డేటా ఉండే చిన్న ముక్కకు) 1, అక్కడొకటి ఇక్కడొకటిగా చదివే పేజీకి 4 అని ముందే పెట్టుకుని ఉంటుంది. కావలసిన వరుసలు ఎక్కువైనప్పుడు, ఇండెక్స్ పట్టుకుని తిరగడం కంటే మొదటి నుంచి చివరి దాకా చదవడమే చవక అని దానికి తేలుతుంది. ఆ 4ను 1.1కి తగ్గించి చూస్తే, ఏ వ్యవధి దగ్గర మనసు మార్చుకుంటుందో ఆ హద్దు మారింది. ఒకసారికి ఒక్కటే మార్చడం, ముందుగా ఊహ రాసుకోవడం అన్న రెండు నియమాలు లేకపోతే ఇదంతా కాలక్షేపంగా మిగిలేది. (ఇవన్నీ సొంత యంత్రం మీద చేయాలని, ఆఫీసులో అసలు వినియోగదారులు వాడే ప్రొడక్షన్ డేటాబేస్ మీద కాదని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.)

కొంతకాలానికి ఆఫీసులో నెలాఖరు రిపోర్టు పేజీ కదలడం లేదని, పెద్ద సర్వర్ కొందామని చర్చ జరుగుతుండగా, ఆ క్వెరీలో, నా ప్రయోగంలో లాగే, తేదీ మీద లెక్క కట్టే ఫంక్షన్ కనిపించింది. ఎక్స్‌ప్లెయిన్ ఫలితాన్ని క్వెరీ మార్చకముందు ఒకటి, మార్చాక ఒకటి పక్కపక్కన పెట్టి చూపించాను. దానితోనే బ్యాకెండ్ టీమ్‌లోకి తీసుకోలేదు గాని, ఆ తరువాత అక్కడివాళ్లు తమ సమస్యలు నాతో చర్చించడం మొదలుపెట్టారు. టెస్టింగ్ నుంచి అటు మారిన దారి అది. ఇంటర్వ్యూల్లో కూడా ఎందుకు అన్న ప్రశ్నకు నేను చెప్పగలిగిన సమాధానాలు ఎక్కువగా ఇలాంటి సాయంత్రాల్లోంచి వచ్చినవే. ఇప్పుడు ఏఐ పరికరాలు అడిగిన క్షణంలో కోడ్ రాసిస్తున్నాయి కాబట్టి, ఆ కోడ్ ఎక్కడ విరుగుతుందో పరీక్షించి చూసే పని పెరిగిందే గాని తగ్గలేదు.

ఇక చేరదలచుకున్నవారికి ఫీజు సంగతి. ముందే కట్టించుకునేవారూ ఉన్నారు, ఉద్యోగం వచ్చాక జీతంలో వాటా తీసుకునేవారూ ఉన్నారు. రెండో రకంలో చేరేటప్పుడు ఎంత జీతం దాటితే కట్టాలి, ఎన్ని నెలలు, గరిష్ఠంగా ఎంత, వేరే రంగంలో ఉద్యోగం వచ్చినా వర్తిస్తుందా, మధ్యలో మానేస్తే ఏమిటి అన్నవి సంతకానికి ముందే కాగితం మీద చూసుకోవాలి. ప్లేస్‌మెంట్ పోస్టర్ల మీది ఫొటోలను కాకుండా, గత బ్యాచ్‌లో పూర్తిచేసిన ఇద్దరు ముగ్గురిని వెతికి పట్టుకుని, క్లాసులో చూపించని ఫీచర్ ఒకటి ప్రాజెక్టులో సొంతంగా కలపగలిగారా అని అడగండి. డెమో క్లాసులో సారును, ఈ లైను తీసేస్తే ఏమవుతుందని అడిగి చూడండి. తీసి చూపించే సారు దొరికితే ఆ బ్యాచ్‌లో చేరండి.