ఎనిమిది పలకల పజిల్: ఏఐ పేపర్‌లో నేను మార్కులు పోగొట్టుకున్న చోటు

కంప్యూటర్ సైన్స్ ప్రవేశ పరీక్ష నాకు రెండో ప్రయత్నంలో వచ్చింది. మొదటిసారి ఎక్కడ దెబ్బతిన్నానో ఇప్పటికీ గుర్తే. ఏఐలో సెర్చ్ టాపిక్. ఎనిమిది పలకల పజిల్ (మూడు బై మూడు గళ్లలో ఎనిమిది అంకెల పలకలు, ఒక ఖాళీ గడి; ఖాళీ పక్కనున్న పలకను అందులోకి జరుపుతూ చెప్పిన అమరికకు, అంటే గమ్యానికి, చేరాలి) ఇచ్చి, గమ్యం చేరడానికి కనీసం ఎన్ని మూవ్స్ కావాలని అడిగారు. ఏ-స్టార్ అల్గారిథమ్ (ఇప్పటిదాకా వేసిన మూవ్స్‌కు మిగిలిన దూరం అంచనా కలిపి, తక్కువ వచ్చిన అమరికను ముందుగా చూసే పద్ధతి) నాకు కంఠతా వచ్చు. ఏ మూవ్‌తో ఏ అమరిక వస్తుందో చూపే చెట్టు గీసుకుంటూ కూర్చున్నాను, పావుగంట పోయింది, జవాబూ తప్పింది. ఇదే టాపిక్ చదువుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఇంటికొచ్చాక అట్టముక్కలు కత్తిరించి, 1 నుంచి 8 వరకు అంకెలు వేసి, నోట్‌బుక్‌లో తొమ్మిది గళ్లు గీసి జరపడం మొదలుపెట్టాను. తప్పు అప్పుడు కనిపించింది. గమ్యంలో చివరి వరుస 7, 8, ఖాళీ అనుకోండి. మన దగ్గర 7, ఖాళీ, 8 ఉంది, మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. 8ని ఒక్క గడి ఎడమకు జరిపితే పని అయిపోయింది. కానీ నేను మాన్‌హాటన్ దూరం (ప్రతి పలకా తన చోటికి అడ్డంగా, నిలువుగా ఎన్ని గళ్లు జరగాలో, ఆ మొత్తం) లెక్కేసేటప్పుడు 8కి ఒకటి, ఖాళీ గడికి ఇంకొకటి కలిపి రెండు అని రాశాను. అసలు దూరం ఒకటైతే నా అంచనా రెండు! అంచనా అసలు దూరాన్ని మించితే ఆ హ్యూరిస్టిక్ (అంచనా వేసే సూత్రం) అడ్మిసిబుల్, అంటే నమ్మదగింది, కాదు. అప్పుడు ఏ-స్టార్ చూపించే దారి అన్నిటికంటే చిన్నదన్న గ్యారంటీ ఉండదు. మాన్‌హాటన్ దూరంలో ఖాళీ గడిని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోకండి. నిర్వచనం పదిసార్లు చదివినా ఎక్కని విషయం, అట్టముక్క ఒక్కసారి జరిపితే ఎక్కింది.

పరీక్షలో నాకు బాగా అక్కరకొచ్చింది సరి-బేసి లెక్క. గళ్లను చదరంగం బోర్డులా నలుపు, తెలుపు వేసుకోండి. ప్రతి మూవ్‌కీ ఖాళీ గడి రంగు మారుతుంది. ఖాళీ నడి గడిలో ఉండి, గమ్యంలో మూలకు చేరాలంటే మొత్తం మూవ్స్ సరిసంఖ్యే అవ్వాలి, ఏ దారిన వెళ్లినా సరే. ఆప్షన్లలో 11, 12, 13, 14 ఉంటే రెండు అక్కడే ఎగిరిపోతాయి. చెట్టు గీయాల్సిన పనే లేదు.

అంతకంటే ముందు అసలు ఆ అమరిక నుంచి గమ్యం చేరగలమా అన్నది చూడాలి. అంకెలను వరుసగా రాసుకుని, పెద్ద అంకె చిన్న అంకె కంటే ముందొచ్చిన జతలు ఎన్నో లెక్కపెట్టండి. మూడు గళ్ల వెడల్పున్న బోర్డులో పలకను పక్కకు జరిపితే వరుస మారదు. పైకీ కిందకీ జరిపితే అది సరిగ్గా రెండు పలకలను దాటుతుంది, కాబట్టి ఆ జతల సంఖ్య సరి అయితే సరిగానే, బేసి అయితే బేసిగానే ఉండిపోతుంది. గమ్యానిదీ మనదీ సరి-బేసి కలిస్తేనే చేరగలం. నాలుగు గళ్ల వెడల్పయితే మూడు పలకలను దాటుతుంది, అందుకే అక్కడ ఖాళీ ఏ వరుసలో ఉందో కూడా చూడాలి. ఈ తేడాను బట్టీ పట్టకండి, ఒకసారి జరిపి చూడండి. 1880 ప్రాంతంలో నాలుగు బై నాలుగు గళ్ల పదిహేను పలకల పజిల్ అమెరికాను ఊపేసినప్పుడు, 14, 15 తారుమారుగా ఉన్న అమరికతో జనం తంటాలు పడ్డారు. అది ఎప్పటికీ కుదరదని జాన్సన్, స్టోరీ అనే ఇద్దరు గణితజ్ఞులు 1879లోనే నిరూపించారు. వాళ్ల వాదనకు పునాది ఈ సరి-బేసి లెక్కే.

ఇక అంకెలు. ఎనిమిది పలకల పజిల్‌లో గమ్యం చేరగల అమరికలు 1,81,440. ఎంత చిక్కు అమరికైనా 31 మూవ్స్ దాటదు. ఇంత చిన్నదానికి బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ (ఒక మూవ్ దూరంలో ఉన్నవన్నీ, తర్వాత రెండు మూవ్స్‌లో ఉన్నవన్నీ, ఇలా వరుసగా చూడటం) సరిపోతుంది. పదిహేను పలకలకు వెళ్తే అమరికలు 10 లక్షల కోట్లు దాటతాయి, గరిష్ఠ దూరం 80. ఏ-స్టార్ చూసిన ప్రతి అమరికనూ గుర్తుంచుకుంటుంది కాబట్టి మెమరీ చాలదు. అందుకే 1985లో రిచర్డ్ కోర్ఫ్ ఐడీఏ-స్టార్ తెచ్చాడు. వేసిన మూవ్స్, మిగిలిన అంచనా కలిపిన మొత్తానికి ఒక హద్దు పెట్టుకుని లోతుగా వెతకడం, దొరక్కపోతే హద్దు పెంచి మళ్లీ మొదలుపెట్టడం. ఈ పజిల్‌లో ఆ హద్దు రెండేసి చొప్పున ఎందుకు పెరుగుతుందో ఒక మాక్ టెస్ట్‌లో అడిగారు. పై నలుపు-తెలుపు లెక్కే దానికి జవాబు.

ఇంకో చోట జాగ్రత్త. గమ్యం క్యూలోకి (ఇంకా చూడాల్సిన అమరికల జాబితాలోకి) చేరగానే ఏ-స్టార్ ఆగదు, క్యూలోంచి బయటికి తీసినప్పుడే ఆగుతుంది. ఎన్ని నోడ్స్ ఎక్స్‌పాండ్ అయ్యాయన్న (ఎన్ని అమరికలను బయటికి తీసి వాటి తర్వాతి అమరికలను చూశామన్న) ప్రశ్నల్లో మార్కులు ఇక్కడే జారిపోతాయి.

పరీక్ష ముందు రోజు సాయంత్రం నేను అట్టముక్కలతో చేసిన చివరి లెక్క ఇది. పై వరుస 2, 1, 3. మధ్యలో 4, 5, 6. కింద 8, 7, ఖాళీ. తారుమారు జతలు రెండు, కాబట్టి కుదురుతుంది. ఖాళీ ఉండాల్సిన చోటే ఉంది, కాబట్టి మూవ్స్ సరిసంఖ్య. మాన్‌హాటన్ దూరం 4. కానీ 2, 1 ఒకే వరుసలో ఎదురెదురుగా దాటుకోవాలి. ఒకటి వరుస వదిలి పక్కకు తప్పుకుని మళ్లీ రావాలి, అంటే మరో రెండు మూవ్స్. 8, 7కీ అంతే. కనీసం 8 అని రాసుకుని, అసలు దారి కోసం పలకలు జరపడం మొదలుపెట్టాను. మీరూ ఇక్కడి నుంచి జరిపి చూడండి.