తాతయ్య ఎర్ర పెన్ను

ఈ వేసవికి డాలస్ నుంచి వైజాగ్ వచ్చాం. సెలవుల్లో చూసినదాని గురించి రాసుకురమ్మన్నారట స్కూల్లో. మా అమ్మాయి ఆర్.కె. బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ గురించి రెండు పేజీలు రాసింది. ఎంవీపీ కాలనీ ఇంటి వరండాలో కూర్చుని మా నాన్నగారు అది చదువుతూ ఒకచోట ఆగిపోయారు. కోర్టులో ముప్పై ఏళ్ళు స్టెనోగా చేసిన మనిషి. జేబులో ఎర్ర పెన్ను ఇప్పటికీ ఉంటుంది.

"ఏటమ్మా ఇది? 'ఫర్ ఆల్ ఇంటెన్సివ్ పర్పసెస్' ఏటి?"

"అందరూ అలాగే అంటారు తాతయ్యా!"

అనరు. అది 'ఇంటెంట్స్ అండ్ పర్పసెస్'. గబగబా పలికితే 'ఇంటెన్సివ్' లాగే వినబడుతుంది. 16వ శతాబ్దం నాటి ఇంగ్లండ్ చట్టాల్లోంచి వచ్చిన మాట. నాన్నగారు జీవితమంతా టైపు కొట్టింది బ్రిటిష్ పద్ధతిలో 'టు ఆల్' అని, అమెరికాలో వాడేది 'ఫర్ ఆల్' అని. దానిమీద ఇద్దరికీ పావుగంట పంచాయితీ.

స్పెల్లింగ్ దిద్దాక కూడా ఆయన వదల్లేదు. ఆ మాట వాడి, కురుసుర ఇప్పుడు ఒక రకంగా మ్యూజియం లెక్కే అని రాసింది ఇది.

"నేవీ 2001లో దాన్ని రిటైర్ చేసింది, 2002 నుంచి టికెట్ పెట్టి చూపిస్తున్నారు. అది నిజంగానే మ్యూజియం కదా! కాగితం మీద కాకపోయినా అయినట్టే లెక్క అనాల్సిన చోట వాడాలి ఈ మాట. ఈ ఇల్లుంది, పట్టా నా పేరు మీదే. కానీ టు ఆల్ ఇంటెంట్స్ అండ్ పర్పసెస్, మీ అమ్మమ్మది."

వంటింట్లోంచి అమ్మ దగ్గింది.

నేనైతే ఈ తప్పు ఎప్పుడూ రాయలేదు. గొప్పేం కాదు, నేను ఇంగ్లిష్ కళ్ళతో నేర్చుకున్నాను, ఇది చెవులతో. నా తప్పులు నోట్లోంచి వస్తాయి. దాని స్నేహితురాళ్ళ ముందు నేను 'రిసీప్ట్' అని పకారం ఒత్తి పలికినప్పుడు దాని మొహం చూడాలి!

తెలుగూ దానికి చెవుల్లోంచే ఎక్కింది. ఆదివారం తెలుగు బడి నోటుబుక్కు కూడా తెచ్చాం. అందులో 'నువ్వు ఏటి చేస్తున్నావు' అని రాస్తే టీచరు 'ఏటి' చుట్టూ సున్నా చుట్టి పక్కన 'ఏమిటి' అని రాశారు. ఆ పేజీ తీసి నాన్నగారికి ఇచ్చాను. పెన్ను మూత తీసి కాసేపు చూసి, మళ్ళీ మూత పెట్టేశారు.

"ఫోన్లో నేనన్నదే రాసినట్టుంది. దీన్ని నేను దిద్దనమ్మా."