ఆస్పరాగస్ కోతకి తొందరపడకండి

ఆస్పరాగస్, అంటే లేత మొలకల్ని కూరగా వండుకునే మొక్క, పెట్టాలనుకునేవాళ్లకి నేను ముందు చెప్పేది ఒక్కటే, మొదటి రెండేళ్లు ఒక్క మొలక కూడా కొయ్యొద్దు. కొన మీద ఊదా రంగు పొలుసులతో లావుగా నేల చీల్చుకుని లేస్తుంటే చెయ్యి ఆగదు, నిజమే, కానీ వదిలేస్తేనే అది సన్నటి ఆకుల పొదలా పెరిగి, ఎండలో ఆహారం తయారుచేసుకుని వేర్లలో దాచుకుంటుంది, వచ్చే ఏడాది మొలకలన్నీ ఆ నిల్వలోంచే రావాలి.

మడి ఎక్కడ వెయ్యాలో బాగా ఆలోచించుకోండి, ఒకసారి నాటితే 15 ఏళ్లు పైనే కాస్తుంది మరి. నీళ్లు నిలిచే చోటు అస్సలు వద్దు, వేర్లు కుళ్లిపోతాయ్.

మూడో ఏడు నుంచి కోత. జానెడు ఎత్తుకొచ్చి కొన ఇంకా గట్టిగా మూసుకుని ఉన్నప్పుడే నేలకి దగ్గరగా పుటుక్కున విరిచెయ్యాలి, వెచ్చగా ఉండే రోజుల్లో పొద్దునా సాయంత్రం చూసుకోవాల్సిందే, ఎందుకంటే కొన విచ్చుకుందంటే కింద పీచు పట్టేస్తుంది. కోసిన వెంటనే వండితే ఆ తీపే వేరు! కొత్త మొలకలు పెన్సిల్ కంటే సన్నబడ్డాయంటే ఆ ఏడాదికి ఆపెయ్యండి, మిగతావి పొదలుగా పెరగనివ్వండి, ఆకులు పసుపెక్కి ఎండేదాకా కత్తిరించకండి.