పసుపు రంగు జీపు, నీళ్ల గొట్టం

ఉయ్యూరు నుంచి మంగళగిరి మీదుగా గుంటూరు గోరంట్ల దాకా స్థలాల పనిలో ఉన్నవాళ్లకి పసుపు రంగు జీపు పెద్దాయన అంటే చాలు. పొలాలు కొని, ప్లాట్లుగా వేసి అమ్మే వెంచర్లు నడిపేవారు. ఆయన పోయి నెల కావస్తోంది. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర అందరూ ఆయన హంగుల గురించే చెప్పుకున్నారు. వెంచర్ మొదలుపెట్టిన రోజు సన్నాయి మేళం, ఆదివారం బెంజి సర్కిల్ నుంచి బస్సుల్లో జనాన్ని తీసుకొచ్చి ఉలవచారుతో భోజనాలు, లేఅవుట్‌లో వీధులకి అంతకుముందు అక్కడ పండిన పంటల పేర్లు: పసుపు వీధి, అరటి వీధి, కంద వీధి. అవన్నీ నిజమే, ఆయనకి హంగు ఇష్టం. అయితే ఆయన దగ్గర చూసి నేర్చుకోవాల్సిన పని వేరే ఉంది. రాసిపెట్టకపోతే అది ఆయనతోనే పోతుంది.

జీపు వెనక ఎప్పుడూ మూడు వస్తువులు ఉండేవి: గునపం, వంద అడుగుల టేపు, చుట్ట చుట్టిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం. మేస్త్రీలు పునాది లెవెల్ చూసుకునే గొట్టమే. పొలం బేరానికి వచ్చిందంటే ముందు ధర అడిగేవారు కాదు. పెద్ద వాన పడే దాకా ఆగి, మర్నాడు పొద్దున్నే వెళ్లేవారు. గట్టు మీద గేదెలు కాసేవాళ్లని అడిగేవారు, "ఇక్కడ నీళ్లు ఎన్నాళ్లు నిలబడతాయిరా అబ్బాయ్?" అని. అమ్మేవాడికి చెప్పాలని ఉండదు, మధ్యవర్తికి తెలియదు. గేదెల కాపరికి దాచాల్సిన అవసరం లేదు.

తర్వాత గొట్టం. నీళ్లు నింపాక లోపల ఒక్క గాలి బుడగ మిగిలినా రెండు చివర్లా నీటిమట్టం ఒక్కటిగా ఉండదు, లెక్క తప్పుతుంది. అందుకే ఒక చివర పైకెత్తి పట్టుకుని, గొట్టం పొడవునా వేలితో తట్టుకుంటూ వెళ్లి బుడగలన్నీ పంపించేవారు. సగం గొట్టం ఎండలో, సగం చెట్టు నీడలో పడినా తేడా వస్తుంది. వేడెక్కిన నీళ్లు తేలికై కాస్త పైకి నిలబడతాయి. ఎనిమిది గంటల్లోపే ఆ పని ముగించేవారు. పొలం ఎగువ మూల నుంచి మురుగు కాలవ దాకా కర్రలు పాతి, ప్రతి కర్ర మీద సుద్దముక్కతో గీత పెట్టి, గీత నుంచి నేల ఎంత కిందుందో నోటుబుక్కులో రాసేవారు.

డెల్టా భూమి చూడ్డానికి పళ్లెంలా ఉంటుంది. 100 అడుగులకి 3 అంగుళాల వాలు దొరికితే డ్రెయిన్ పారుతుందని ఆయన లెక్క. దొరకకపోతే మట్టి తోలాలి. ఆ ఖర్చు ముందే తెలియకే చాలా వెంచర్లు మునుగుతాయి. ఎకరం భూమిని ఒక్క అడుగు లేపాలంటే 43,560 ఘనపుటడుగులు, అంటే 100 ఘనపుటడుగుల యూనిట్లు 435 పైమాట. రోలర్ తొక్కాక అణుగుతుంది కాబట్టి ఇంకో అయిదో వంతు కలపాలి. మొత్తం 520 యూనిట్లు దాటుతుంది. ఆ ఖర్చు చూసి చాలామంది రోడ్లు మాత్రం లేపి ప్లాట్లు అలాగే వదిలేస్తారు. ఫోటోల్లో బాగుంటుంది. వాన పడితే రోడ్డు గట్టులా నిలబడి, ప్లాట్లు మడుల్లా నిండుతాయి. ఇల్లు కట్టే మనిషి చివరికి ఆ మట్టి సొంత డబ్బుతో, రెట్టింపు ధరకి తోలించుకుంటాడు.

గుంటూరు వైపు గోరంట్ల, లాం చుట్టూ తగిలే నల్లరేగడి ఇంకో రకం. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. దాని మీద నేరుగా కంకర పరిచి తారు పోస్తే రెండో ఏడుకి రోడ్డు మధ్యలో పొడుగ్గా చీలుతుంది. ఆయన పైమట్టి ఒక అడుగు తీసేయించి, గ్రావెల్ రెండు పొరలుగా వేయించి, ప్రతి పొరనీ తడిపి రోలర్ తొక్కించేవారు. ఒకేసారి మందంగా పోస్తే పైన గట్టిపడుతుంది, అడుగున వదులుగానే ఉంటుంది. 20 అడుగుల తారు రోడ్డుకి నడుమ 3 అంగుళాలు ఎత్తు పెట్టించేవారు, నీళ్లు రెండు పక్కలకీ జారాలని. హద్దు రాళ్లు కూడా ఈ నేలలో ఒరుగుతాయి. మూడడుగుల రాయిని రెండడుగులు పాతి, చుట్టూ కాంక్రీటు పోయించేవారు.

కొలతల దగ్గర ఆయనంత మొండిమనిషిని చూడలేం. పాస్‌బుక్కులో 2 ఎకరాలు ఉంటుంది, నేల మీద 1.94 వస్తుంది. ఆ 6 సెంట్లు అంటే 290 గజాలు, ఒకటిన్నర ప్లాటు. బయానా ఇచ్చేశాక తేడా బయటపడితే రైతు ఒప్పుకోడు. కాబట్టి సర్వేయర్‌తో ఎఫ్‌ఎంబి, అంటే పొలాల సర్వే కొలతల పుస్తకం, పట్టుకుని, చుట్టుపక్కల రైతులందరినీ గట్టు మీద నిలబెట్టి కొలిపించాకే అడ్వాన్స్. పాత ఎఫ్‌ఎంబిల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, 10 చదరపు గొలుసులైతే ఎకరం. ఈ లెక్క నోటికి రానివాళ్లని ఆయన సైటుకి రానిచ్చేవారు కాదు.

కాగితాల్లో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), లింకు డాక్యుమెంట్లు (వెనకటి అమ్మకాల పత్రాలు) అందరూ చూస్తారు. ఆయన ముందు ఆర్‌ఎస్‌ఆర్, అంటే భూమి ఏ రకమో రాసి ఉన్న పాత రెవెన్యూ రిజిస్టరు, తీయించేవారు. అందులో వాగు, పోరంబోకు అని ఉంటే తర్వాత ఎన్ని రిజిస్ట్రేషన్లు జరిగినా ఆ భూమి జోలికి వెళ్లేవారు కాదు. పట్టాదారు పేరు దగ్గర చుక్కలు ఉంటే, అంటే ఎవరిదో తేలని భూమి అయితే, ఆగిపోయేవారు. డీకే పట్టా భూమిని, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చినదాన్ని, 1977 చట్టం ప్రకారం 2023 సవరణ దాకా అమ్మడానికీ కొనడానికీ ఉండేది కాదు. ఇక అక్కచెల్లెళ్ల సంతకాలు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లల వాటాకి మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. అయినా అన్నదమ్ముల సంతకాలతో సరిపెట్టే వాళ్లే ఎక్కువ. ఆ అమ్మాయిలు తెనాలో ఏలూరో, ఎక్కడ కాపురం ఉన్నా సరే, ఆయన జీపు వేసుకెళ్లి వాళ్లతో మాట్లాడి వచ్చేవారు. వాళ్లకి డబ్బు ముట్టిందో లేదో వాళ్ల నోటితోనే చెప్పించుకునేవారు.

ప్లాట్ల లెక్క తేలికే. 5 ఎకరాలంటే 24,200 గజాలు. పార్కుకి పదో వంతు, రోడ్లకి సుమారు మూడు పదో వంతులు పోతే 14,500 గజాలు మిగులుతాయి, 200 గజాల ప్లాట్లు 72. మూలల్లో కోత పోతే 70. ఎవరైనా అయిదెకరాల్లో 90 చూపించారంటే రోడ్లు ఇరుకన్నా అయ్యుండాలి, పార్కు అన్నా మాయమై ఉండాలి.

1978లో వీజీటీ ఉడా (విజయవాడ-గుంటూరు-తెనాలి పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చింది మొదలు ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, లేకుండా ఆయన ఒక్క ప్లాటూ అమ్మలేదు. పంచాయతీ అప్రూవ్డ్ అనే మాట బోర్డు మీద కనిపిస్తే బాధపడేవారు. సర్పంచి సంతకంతో లేఅవుట్ అవదని, రేపు ఇంటి ప్లానుకి అనుమతి రాదని, బ్యాంకు అప్పు ఇవ్వదని కొనేవాళ్లకి చెప్పేవాళ్లు లేరని. 2014 సెప్టెంబరులో రాజధాని ప్రకటన వచ్చాక ఇక్కడ అగ్రిమెంటు మీద అగ్రిమెంటు రాసుకుని ఒకే పొలం నెలలో నలుగురి చేతులు మారింది. ఆ ఏడాది ఆయన కొత్తగా ఒక్క ఎకరం కొనలేదు.

ఒక్కచోట ఆయన లెక్క తప్పింది. విజయవాడ ఉత్తరాన బుడమేరు వైపు వేసిన లేఅవుట్. 2005 వరద గుర్తు పక్క ఊళ్లో గుడి గోడ మీద చూసి, దానికంటే అడుగు పైకి లేపారు. 2024 సెప్టెంబరులో బుడమేరు ఊళ్ల మీద పడ్డప్పుడు ఆ వీధుల్లో నడుంలోతు నీళ్లు. ఎనభై దాటిన వయసులో ట్రాక్టరు ఎక్కి, పాలప్యాకెట్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. పాత నీటిమట్టం కొలిచాను గానీ మధ్యలో ఇరవయ్యేళ్లలో రెండు పక్కలా పూడ్చిన పొలాలని కొలవలేదని, పారే చోటు తగ్గితే అవే నీళ్లు ఎత్తుకి లేస్తాయని చెప్పారు. "పూడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను కదా" అన్నారు. తర్వాత ఇంకో వెంచర్ వేయలేదు.

ఆయన నోటుబుక్కులు మొత్తం పెద్దబ్బాయి దగ్గరే ఉన్నాయి. ప్రతి లేఅవుట్‌కీ ఒక పుస్తకం: కర్రల లెవెళ్లు, హద్దు రాయి నుంచి దగ్గరి బావికో, కరెంటు స్తంభానికో కొలత, రాయి పాతిన తేదీ. రోడ్డు వేసేటప్పుడో, గోడ కట్టేటప్పుడో రాళ్లు లేచిపోయిన వాళ్లు ప్లాటు నంబరూ డాక్యుమెంటు జిరాక్సూ తీసుకెళ్తే ఆ పేజీ చూపిస్తున్నారు. టేపు మాత్రం మనదే తీసుకెళ్లాలి.