డేటన్ కోర్టు బుర్రకథ

మేముండేది టెనెసీలో, నాష్‌విల్ శివార్లలో. ఈ ఊరికి మ్యూజిక్ సిటీ అని పేరు. ఇక్కణ్ణించి తూర్పుగా రెండు మూడు గంటలు కారులో వెళ్తే డేటన్ అనే చిన్న ఊరు వస్తుంది. డార్విన్ చెప్పిన పరిణామ సిద్ధాంతాన్ని బడిలో బోధించాడని జాన్ స్కోప్స్ అనే మాస్టారిని 1925 జులైలో అక్కడే బోనెక్కించారు. మా అమ్మాయికి రాష్ట్ర చరిత్ర మీద ప్రాజెక్టు ఇస్తే ఈ కేసు తీసుకుంది. అందరిలా పోస్టరు అతికించనని, ఐప్యాడ్ మీద బుర్రకథ కడతానని కూర్చుంది.

దీనికి బుర్రకథ పిచ్చి ఎక్కించింది మా నాన్నగారు. ఆయనది తెనాలి దగ్గర పల్లె. బుర్రకథకి పేరు తెచ్చిన షేక్ నాజర్ మాటెత్తితే వీడియో కాల్ ఇక తెమలదు. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. మా పిల్లకి ఆ రాజకీయం చెప్పే వంత తెగ నచ్చేసింది. డేటన్ కథలో ఆ పాత్రకి కావలసినంత సరుకుంది మరి. స్కోప్స్‌కి ఎదురుగా ప్రాసిక్యూషన్ తరఫున నిలబడ్డ విలియం జెన్నింగ్స్ బ్రయన్ మామూలు వకీలు కాడు. డెమోక్రటిక్ పార్టీ తరఫున మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడినవాడు, విదేశాంగ మంత్రిగా చేసినవాడు.

సంగీతం దగ్గరే అసలు తిప్పలు. ఐప్యాడ్‌లో పాటలు కట్టే యాప్ గ్యారేజ్‌బ్యాండ్. అందులో ఉన్న డ్రమ్ములేవీ గుమ్మెటలా మోగవు. అందుకని రికార్డు చేసిన చప్పుడుని వాయిద్యంగా మార్చే అందులోని శాంప్లర్‌కి మా ఇంటి ఖాళీ బియ్యం డబ్బా దెబ్బని ఇచ్చింది. అదే దెబ్బని తెర మీది కీబోర్డులో కింది మెట్ల మీద వాయిస్తే బరువుగా, పై మెట్ల మీద వాయిస్తే టక్కుమని పలుకుతుంది. అందెలకి నా పాత గాజులు రెండు. తంబురా శ్రుతికి ఇంకో యాప్. ఇది మొదలుపెట్టాలనుకునే తల్లులకి రెండు మాటలు: బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పనికిరావు, చప్పుడు ఆలస్యంగా చెవికి చేరి పాట తాళం తప్పుతుంది, తీగ ఉన్నవే పెట్టుకోవాలి. రెండోది, గ్యారేజ్‌బ్యాండ్ మామూలుగా ఎనిమిది బార్లకే, అంటే ఎనిమిది తాళావర్తాలకే సరిపెడుతుంది. ప్లస్ గుర్తు నొక్కి ఆటోమేటిక్ అని మార్చేదాకా కథ తందాన దాటదు. టిక్కుటిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కథకుడు వీరావేశంలో జోరు పెంచుతాడు, యంత్రం మాత్రం ఒకే నడకలో పోతుంది. దాన్ని ఆపేశాకే కథకి ఊపిరొచ్చింది.

కథంతా చెప్పను గానీ, కొన్ని ఘట్టాలు బుర్రకథ కోసమే జరిగాయా అనిపిస్తాయి. నిజానికి ఆ కేసు ఊరి పెద్దలు మందుల షాపులో కూర్చుని, ఊరికి పేరొస్తుందని పనిగట్టుకుని తెచ్చుకున్నది. కోర్టు హాల్లో ఉక్కపోత, జనం ఎక్కువై పోవడంతో విచారణని ఆరుబయటికి మార్చారు. అక్కడ స్కోప్స్ తరఫు వకీలు క్లారెన్స్ డారో బ్రయన్‌నే సాక్షిగా నిలబెట్టి బైబిలు మీద ప్రశ్నలు గుప్పించాడు. జ్యూరీ కొద్ది నిమిషాల్లోనే స్కోప్స్‌ది తప్పని తేల్చింది. జరిమానా 100 డాలర్లు. తీర్పొచ్చిన అయిదు రోజులకే బ్రయన్ డేటన్‌లోనే చనిపోయాడు. బడుల్లో పరిణామం బోధించకూడదన్న ఆ రాష్ట్ర చట్టం 1967 దాకా బతికింది. 2012లో ఇదే రాష్ట్రంలో, పరిణామం లాంటి సిద్ధాంతాల ‘బలాలూ బలహీనతలూ’ మాస్టార్లు చర్చించుకోవచ్చని ఇంకో చట్టం వచ్చింది. గవర్నరు సంతకం పెట్టకుండానే అది అమల్లోకి వచ్చింది.

ఇక్కడిదాకా నాన్నగారు మహా హుషారుగా విన్నారు. అమెరికావాళ్ల మూఢత్వమని నవ్వుకున్నారు కూడా. ఆ తర్వాతి చరణంలో మా అమ్మాయి రాజకీయం వంతచేత ఢిల్లీ సంగతి పాడించింది. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్, కోతి మనిషి కావడం ఎవరూ చూడలేదు, డార్విన్ తప్పు అన్నారు. 2019లో శాస్త్రవేత్తల సభ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలరే డార్విన్ కంటే దశావతారాలు మెరుగన్నారు. 2023లో కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు వేసే ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠం పోయింది.

"ఇంటి గుట్టు వాళ్ల క్లాసులో రచ్చకెక్కిస్తావా అమ్మలూ?" అన్నారు ఆయన.

నేను పిల్ల పక్షానే ఉన్నాను. పక్కవాళ్ల బ్రయన్‌ని చూసి నవ్వి మన మంత్రిని దాచిపెడితే దానికి నేర్పేది సంస్కృతి కాదు, గొప్పలు. అలాగని ఇండియా అంటేనే వెనకబాటు అనుకునే పిల్లలు కూడా ఇక్కడ మన ఇళ్లలోనే తయారవుతున్నారు. వాళ్లకి డేటన్ చూపించాలి.

దశావతారాల మాట నాకూ తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనుడు అని వరసగా చెప్తే జీవపరిణామంలాగే వినిపిస్తుంది. కానీ ఆ వరసలో ఒకే దేవుడు, ఏదో పని పెట్టుకుని దిగి వస్తాడు. డార్విన్ చెప్పినదాంట్లో వరసే లేదు, కొమ్మలున్నాయి. చేప మనిషి కావాలని బయల్దేరలేదు. ఒక కొమ్మ నేలకెక్కింది, మిగతావి ఇప్పటికీ నీళ్లలోనే ఉండి మారుతూనే ఉన్నాయి. కోతి మనకి తాత కాదు, ఎప్పుడో విడిపోయిన దాయాది. ఎవరూ చూడలేదన్న వాదనకి మా అమ్మాయి దగ్గర జవాబుంది. కరోనా వైరస్ రూపాలు మార్చుకుంటూ ఆల్ఫా, డెల్టా, ఒమిక్రాన్ అవడం దాని చిన్నప్పుడు ప్రపంచమంతా చూసిందిగా. విష్ణుమూర్తికి దండం పెట్టుకోవడానికి ఇదేం అడ్డం కాదని నేనన్నాను. మావారు పూజ గది వేపు చూసి ఏమీ అనలేదు.

చివరికి నాన్నగారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. హాస్యం వంత గొంతు ఆయనదే ఉండాలి, దశావతారాల చరణం ఆయనే పాడాలి. ఫోన్లో రికార్డు చేసి పంపారు. మేం రాసిచ్చినదానికి ఇంకో నాలుగు పంక్తులు తనే కలిపారు, డార్విన్‌కి చురకలతో సహా. మా అమ్మాయి ఒక్క ముక్క తియ్యకుండా అన్నీ ఉంచి, రాజకీయం వంతచేత జవాబు కట్టించి తిరిగి పంపింది. దానికీ బదులుందట, రేపు పంపుతారట. ప్రాజెక్టు శుక్రవారం ఇవ్వాలి.